మారెడి చిరునామా, మారని పేరు

మనుష్యులు పేర్లను సులభముగా జ్ఞాపకముంచుకొందురు. యంత్రములకు అంకెలే సులభము. ఈ రెండు తెగలకును నడుమ దుబాసి పని చేయు వ్యవస్థ యొకటి లేకున్నచో ఇంటర్నెట్టు సామాన్యులకు ఇంతగా అక్కరకు వచ్చియుండెడిది కాదు. ఇంటర్నెట్టుతో కలిసిన ప్రతి యంత్రమునకును ఒక అంకెల చిరునామా ఉండవలెను. దానిని ఐ.పి. చిరునామా యందురు. చుక్కలతో వేరుపరచిన నాలుగు సంఖ్యలుగా, 203.0.113.25 అను రీతిని, దానిని వ్రాయుదురు. (ఈ చిరునామా ఏ యింటిదియు కాదు. ఉదాహరణముల కొరకే కొన్ని సంఖ్యలను ప్రత్యేకించి యుంచినారు; ఇది వానిలోనిది.)

అమెరికా దేశమున 1969వ సంవత్సరములో ఆరంభమైన అర్పానెట్ అను వలలో యంత్రములు కొలదిగా నున్న కాలమున, వాని పేర్లను, అంకెలను ఒకే పట్టికలో వ్రాసి యుంచెడివారు. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థయందు ఎలిజబెత్ ఫైన్లర్ అను నామె నాయకత్వమున ఆ పట్టిక సిద్ధమగుచుండెను. క్రొత్త యంత్రము చేరినపుడెల్ల ఆ కార్యాలయమునకు తెలుపవలెను; వారు పట్టికను దిద్దవలెను; తక్కిన వారందరును దానికి నకలు తెచ్చుకొనవలెను. యంత్రములు పెరిగినకొలది ఈ పద్ధతి కొనసాగుట దుర్లభమయ్యెను. 1983లో పాల్ మొకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు పట్టికను ఒక్కచోట నుంచక లోకమంతటను పంచిపెట్టి, ఎవరి భాగమును వారే దిద్దుకొను ఏర్పాటును రూపొందించెను. అదియే డొమైన్ నేమ్ సిస్టమ్, క్లుప్తముగా డి.ఎన్.ఎస్. పేరు చెప్పినచో అంకెలను తెలుపుట దాని పని.

ఈ ఏర్పాటు పెద్ద సంస్థలకు చక్కగా సరిపోయినది. వారి చిరునామాలు మారవు. గృహస్థుల సంగతి వేరు. నాలుగు సంఖ్యల చిరునామాలు మొత్తము 4,294,967,296; అనగా సుమారు 429 కోట్లు. లోకమున మనుష్యులే 800 కోట్లను మించి యున్నారు. 2011 ఫిబ్రవరి 3వ తేదీన, మిగిలిన కడపటి ఐదు భాగములను ఐదు ప్రాంతీయ సంస్థలకు పంచి యిచ్చుటతో కేంద్ర భాండాగారము ఖాళీ యయ్యెను. ఆసియా ప్రాంతపు సంస్థ ఆ యేడు ఏప్రిల్ మాసము నుండియే తన వద్ద నున్నదానిని కొలిచి కొలిచి యిచ్చుట కారంభించెను. ఇట్టి కొరత గల వస్తువును ఇంటర్నెట్టు కంపెనీలు ఇంటింటికిని శాశ్వతముగా ఇయ్యజాలవు. సత్రమునకు వచ్చిన యాత్రికునికి అప్పుడు ఖాళీగా నున్న గదిని ఇత్తురు. అతడు మరల వచ్చినపుడు అదే గది దొరకునను నియమము లేదు. ఇంటి రౌటరును ఆపి మరల వెలిగించినపుడు జరుగునదియు నిదియే.

ఇంటిలోని వారు బయటి లోకమును చూచుటకు దీనివలన చిక్కు లేదు. ఉత్తరము వ్రాయువాడు తన చిరునామాను పైన వ్రాసిన చాలును. జవాబు దానికే వచ్చును. బయటనుండి ఇంటిని వెదకికొని వచ్చువారికే చిక్కు. నిన్నటి అంకెలతో నేడు వచ్చినచో మరియొకరి తలుపు తట్టవలసి వచ్చును. దీనికి ఉపాయముగా పుట్టినదే డైనమిక్ డి.ఎన్.ఎస్. ఇంటిలోని రౌటరు నందో, కంప్యూటరు నందో ఒక చిన్న ప్రోగ్రాము ఉండును. చిరునామా మారినదని గుర్తించిన తోడనే అది నామసేవ నడుపు సంస్థకు కబురు పంపును. ఆ సంస్థ ఆ యింటి పేరునకు ఎదుట పాత అంకెలు కొట్టివేసి క్రొత్తవి వ్రాయును. డి.ఎన్.ఎస్. పట్టికను ఇట్లు అప్పటికప్పుడు దిద్దుటకు ఒక ప్రామాణిక పద్ధతిని 1997లో ప్రకటించిరి. పేరు మారదు, దాని వెనుకనున్న అంకెలు మారుచుండును.

వినుటకు ఇంత సులువైన ఏర్పాటు చెడినపుడు మాత్రము మిక్కిలి తికమక పెట్టును. ఏలయనగా, దూరమున నున్నవానికి కనబడునది ఒక్కటే: తెర నల్లగా నుండును. పేరు చెడినను నలుపే, తలుపు మూసికొన్నను నలుపే, కెమేరా ఆగిపోయినను నలుపే. లక్షణ మొకటి, రోగములు పెక్కు. కావున వైద్యుడు నాడి చూచినట్లు ఒక్కొక్క కీలును వరుసగా పరీక్షింపవలెను.

తెనాలిలో ఒక వృద్ధ దంపతుల యిల్లు కలదనుకొందము. వారి కుమార్తె అమెరికాలోని డల్లాస్ నగరమున ఉద్యోగము చేయుచున్నది. తల్లికి మోకాలి శస్త్రచికిత్స జరిగి ఎన్నియో దినములు కాలేదు. ఆమె వరండా మెట్లు దిగునపుడు కుమార్తె ప్రాణము గుప్పిట పెట్టుకొనును. అందుచేత వరండాలో ఒక కెమేరా అమర్చి, ఇంటికి డైనమిక్ డి.ఎన్.ఎస్. ద్వారా ఒక పేరు పెట్టించి, దినమునకు రెండు మారులు డల్లాస్ నుండి చూచుచుండెను. వేసవిలో ఒకనాటి సాయంకాలము గాలివాన వచ్చి రెండు గంటలు కరెంటు పోయెను. వచ్చిన పిదప కెమేరా బొమ్మ డల్లాసులో కనబడలేదు. ఫోను చేయగా తండ్రి, “పెట్టెమీది దీపములన్నియు వెలుగుచున్నవమ్మా. మీ యమ్మ ఇప్పుడే ఇంటర్నెట్టులో వార్తలు కూడ చూచినది. చెడిపోయినది కెమేరాయే యయి యుండును” అనెను.

ఇట్టి సమయమున పదిమందిలో తొమ్మండుగురు కెమేరాను విప్పుటకు పూనుకొందురు. కుమార్తె ముందుగా పేరును పరీక్షించెను. కంప్యూటరులో ఎన్.ఎస్.లుకప్ అను ఆజ్ఞ కలదు. దానికి పేరు నిచ్చినచో పట్టికలో ఏ అంకెలు వ్రాసియున్నవో చూపును. ఆమెకు 203.0.113.25 అని వచ్చెను. “నాన్నగారూ, మన యింటి వైఫైలో నున్న ఫోనునందే, ‘నా ఐ.పి. చిరునామా ఏది?’ అను ప్రశ్నకు జవాబు చెప్పు పుట తెరచి, అక్కడి అంకెలు చదువుడు” అని కోరెను. తండ్రి కండ్లజోడు సవరించుకొని, “రెండువందల మూడు, సున్న, నూటపదమూడు, డెబ్బదియేడు” అని చదివెను. ఒకచోట ఇరువదియైదు, ఒకచోట డెబ్బదియేడు! ఇల్లు మారినది, పేరు పాత యింటినే చూపుచున్నది. కెమేరా దోషమేమియు దీనిలో లేదు.

ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన ఉంచి చూచుట కంటె విలువైన పరీక్ష ఈ విద్యలో మరియొకటి లేదు. అవి వేరువేరైనచో కబురు మోయు ప్రోగ్రాము తన పని చేయలేదని అర్థము. అట్లు చేయకపోవుటకు కారణములు సామాన్యముగా చిన్నవియే. కరెంటు వచ్చినపుడు రౌటరు మేల్కొనును గాని బయటి లైను ఇంకను కలిసియుండదు. ప్రోగ్రాము ఒక మారు ప్రయత్నించి విఫలమై ఊరకుండును. నామసేవలో సంకేతపదమును మార్చి, రౌటరులో మార్చుట మరచియుందురు. కొన్ని ఉచిత సేవలలో 30 దినముల కొకమారు ‘ఈ పేరు ఇంకను నాకు కావలెను’ అని ధ్రువపరచవలెను. ఆ ఉత్తరమును చూడని వారి పేరు రద్దగును. తెనాలి యింట మొదటి కారణమే జరిగినది. తండ్రి రౌటరు పుటలో ప్రోగ్రామును ఆపి మరల నడిపించగానే పట్టికలో అంకెలు మారెను.

అయినను బొమ్మ రాలేదు. ఇందులకు తొందరపడరాదు. డి.ఎన్.ఎస్. చెప్పిన జవాబును దారిలోని సర్వర్లు కొంతకాలము దాచుకొనును. ఎంతకాలము దాచవలెనో ఆ జవాబులోనే సెకండ్లలో వ్రాసియుండును, దానిని టి.టి.ఎల్. అందురు. మారని చిరునామాలకు అది 86,400 సెకండ్లు, అనగా ఒక దినము, ఉండవచ్చును. మారెడి చిరునామాలకు 60 గాని 300 గాని ఉంచుట మేలు. దీనిని ఎరుగక, సరిగా దిద్దిన దానినే చెడినదనుకొని మరల మరల మార్చి పూర్తిగా పాడుచేసికొన్నవారు కలరు.

ఐదు నిమిషములు గడచెను. పేరు డెబ్బదియేడునే చూపుచుండెను. బొమ్మ మాత్రము లేదు. ఇక రెండవ కీలు. మండువా యింటికి వీధిలోనికి ఒక్కటే సింహద్వారము. లోపల గదులు పెక్కు. ఇంటి రౌటరు అట్టిది. బయటికి కనబడు చిరునామా ఒక్కటి. లోపలి ఫోనులకు, కంప్యూటర్లకు, కెమేరాకు రౌటరే 192.168 తో మొదలగు లోపలి అంకెలు పంచిపెట్టును. ఈ అంకెలు లక్షలకొలది ఇండ్లలో అవే యుండును. గడప దాటినచో వానికి విలువ లేదు. బయటివాడు వచ్చి పోర్టు అను సంఖ్య చెప్పినచో, ‘ఈ పోర్టు నడిగినవానిని ఫలాని గదికి పంపుము’ అని రౌటరులో ముందే వ్రాసియుంచవలెను. దీనిని పోర్టు ఫార్వర్డింగ్ అందురు. తెనాలి యింట కెమేరా గది సంఖ్య 192.168.1.20 అని వ్రాసియుండిరి. కరెంటు పోయి వచ్చిన సందడిలో రౌటరు ఆ అంకెలను తల్లి ఫోనునకు ఇచ్చి, కెమేరాకు 192.168.1.23 ఇచ్చినది! బయటనుండి వచ్చినవానిని ద్వారపాలకుడు ఆజ్ఞానుసారముగనే పంపెను. గదిలోని మనిషి మారిపోయెను. కెమేరాకు ఎల్లప్పుడును ఒకే లోపలి అంకెలిచ్చునట్లు రౌటరులో కేటాయించినచో ఈ చిక్కు మరల రాదు. ఆ పని చేయగానే డల్లాసులో వరండా కనబడెను. తల్లి ఆ సమయమున మెట్లమీదనే కూర్చుండి చిక్కుడుకాయలు ఒలుచుచుండెను.

ఇచ్చట ఒక పొరబాటు పరీక్షను గూర్చి చెప్పవలెను. ఇంటిలో కూర్చుండి, ఇంటి వైఫైలోనే, ఇంటి పేరును ఫోనులో కొట్టి, తెరచుకొనలేదని దిగులుపడువారు పలువురు. తన యింటి పేరుతో లోపలినుండియే పిలిచినచో కొన్ని రౌటర్లకు దారి తెలియదు. బయటివారికి చక్కగా తెరచుకొనుచున్నను లోపలివానికి తెరచుకొనదు. ఫోనులో వైఫైని ఆపి, మొబైల్ డేటాతో పరీక్షించినపుడే అది బయటివాని పరీక్ష యగును.

మరికొన్ని మాసములకు ఆ దంపతులు ఇంటర్నెట్టు కంపెనీని మార్చిరి. వేగము పెరిగినది, ఖర్చు తగ్గినది, కెమేరా మరల ఆగినది. ఈ మారు పేరును చూడగా 100.72 తో మొదలగు అంకెలు వచ్చెను. రౌటరు పుటలోను అవే. పేరును, రౌటరును చూచినచో రెండును సరిపోయినవి! కాని ‘నా చిరునామా ఏది’ యని బయటి పుటను అడుగగా అది పూర్తిగా వేరైన అంకెలు చెప్పెను. ఇది మూడవ కీలు, అన్నిటిలో కష్టమైనది. చిరునామాలు చాలక కంపెనీవారు అనేక గృహములకు కలిపి ఒకే బయటి చిరునామా నుంచి, ఇండ్లకు తమలో తాము లోపలి అంకెలు పంచుదురు. ఇందులకై 100.64 మొదలు 100.127 వరకు గల సంఖ్యలను 2012లో ప్రత్యేకించిరి. అనగా మండువా యిల్లు ఇప్పుడు ఒక పెద్ద కోటలోపల నున్నది. కోట తలుపు తాళము కంపెనీవారి యొద్ద నుండును. ఇంటి తలుపు ఎంత బార్లా తెరచినను బయటివాడు కోట దాటి రాలేడు. ఇట్టి యింట పోర్టు ఫార్వర్డింగ్ నియమములు దినమంతయు దిద్దినను ఫలితముండదు. రౌటరు తనకు కనబడిన అంకెలనే నిజమని నమ్మి కబురు పంపుటచేత పేరు కూడ ఎవరికిని చేరరాని చోటును చూపుచుండును.

దీనికి మార్గములు కొన్ని కలవు. కంపెనీవారిని అడిగి, మాసమునకు కొంత యధికముగా చెల్లించి, స్వంత బయటి చిరునామా తీసికొనవచ్చును. లేదా బయట ఎక్కడనో స్థిరమైన చిరునామా గల యంత్రమును అద్దెకు తీసికొని, ఇంటినుండి దానికి నిరంతరము ఒక దారి తెరచి యుంచవచ్చును. కోటలోనుండి బయటికి పోవుటకు అడ్డు లేదు గదా. మూడవది ఐ.పి.వి.6 అను క్రొత్త పద్ధతి. దానిలో చిరునామా 128 బిట్ల పొడవు గలది. ఇంటిలోని ప్రతి వస్తువునకును స్వంత బయటి చిరునామా ఇయ్యవచ్చును. భారతదేశమున ఇంటర్నెట్టు వాడువారిలో సగమునకు మించినవారికి ఇది చేరినది. అయితే ఇందులో పేరునకు రౌటరు అంకెలు కాక కెమేరా అంకెలే వ్రాయవలెను. రౌటరు కాపలా దానిని లోనికి రానిచ్చునట్లు ఆజ్ఞ ఇయ్యవలెను. చూచువాని వలలోను ఐ.పి.వి.6 ఉండవలెను. పేరునకు పాత పద్ధతి అంకెలు సరిగా నుండి, క్రొత్త పద్ధతి అంకెలు పాతబడియున్నచో, ఒకరి ఫోనులో తెరచుకొని మరియొకరి ఫోనులో తెరచుకొనని వింత జరుగును.

తండ్రి అధిక రుసుము చెల్లించుటకే ఒప్పుకొనెను. ఈ లోపల పొరుగింటి కుర్రవాడు, “తాతగారూ, ఇంత శ్రమ యెందుకు? కెమేరాను డి.ఎమ్.జెడ్. లో పెట్టుడు, అన్ని పోర్టులును తెరచుకొనును” అని సలహా చెప్పెను. అది నిజమే. కుమార్తె దానికి ససేమిరా ఒప్పుకొనలేదు. ఆమె పట్టుదలకు చరిత్రలో గట్టి కారణము కలదు.

డిన్ అను అమెరికా సంస్థ డైనమిక్ డి.ఎన్.ఎస్. సేవతోనే పుట్టి పెరిగినది. పిదప అది పెద్ద పెద్ద కంపెనీల పేర్లను గూడ మోయు సంస్థ యయ్యెను. 2016 అక్టోబరు 21వ తేదీన దానిమీదికి కోట్లకొలది దొంగ ప్రశ్నలు ఒక్కుమ్మడిగా వచ్చిపడెను. ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ మొదలగువాని పేర్లకు జవాబు చెప్పువారు లేక, అమెరికాలో అనేకులకు అవి గంటల తరబడి అందలేదు. ఆ సర్వర్లు చెడలేదు. పేరు చెప్పినవానికి దారి చూపువాడు కూలిపోయెను. దాడి చేసినవి ఎవరి యంత్రములు? ఎక్కువ భాగము గృహములలోని కెమేరాలు, వీడియో రికార్డర్లు, రౌటర్లు. మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము ఇంటర్నెట్టంతయు తిరుగుచు, తెరచియున్న తలుపులను తట్టుచు, కర్మాగారమున పెట్టిన సంకేతపదములను ప్రయత్నించెను. వానిని మార్చని యింట అది దూరెను. ఇంటివారికి తమ కెమేరా దాడిలో పాల్గొన్నదని తెలియనే లేదు. ఇంటిని చూచుకొనుటకు పెట్టుకొన్న కన్ను పరుల చేతిలోనికి పోయినచో, మెట్లపై కూర్చున్న తల్లిని కుమార్తెయే గాక మరెవ్వరైనను చూడవచ్చును.

కావున స్వంత చిరునామా వచ్చిన పిదప ఆమె కెమేరా తలుపును మూసివేయించి, వైర్‌గార్డ్ అను సొరంగ పద్ధతిని రౌటరులో నెలకొల్పెను. 2020లో లినక్సు కేంద్రభాగమున చేర్చబడిన ఈ పద్ధతిలో తాళపుచెవి గలవానికే జవాబు వచ్చును. పరాయివాడు తట్టినచో లోపల ఎవరును ఉన్నట్లే తెలియదు. ఒక్క పోర్టు చాలును. లోనికి వచ్చినవాడు ఇంటివాడైనట్లే కెమేరాను 192.168.1.20 అను లోపలి అంకెలతోనే చూడవచ్చును.

ఇందులోను ఒక మెలిక కలదు. సొరంగము తెరచునపుడు వైర్‌గార్డ్ పేరును ఒక్కమారే అడిగి, వచ్చిన అంకెలను పట్టుకొని కూర్చుండును. తెనాలిలో చిరునామా మారి, పట్టికలో పేరు సరిగా దిద్దబడినను, డల్లాసులోని యంత్రము పాత అంకెల వంకనే చూచుచుండును. పేరును పరీక్షించిన సరిగానే యుండును, తలుపును పరీక్షించిన తెరచియే యుండును, బొమ్మ రాదు. సొరంగమును ఒకమారు మూసి తెరచిన చాలును. కొన్ని నిమిషముల కొకమారు పేరును మరల అడిగి చూచు చిన్న ఏర్పాటును ఆమె తన కంప్యూటరులో చేసికొనెను.

తెనాలిలో రౌటరు ప్రక్క గోడకు తండ్రి ఒక కాగితము నంటించెను. దానిపై పెద్ద అక్షరములతో మూడు వరుసలు కలవు: పేరు చెప్పు అంకెలు, పెట్టె చెప్పు అంకెలు, బయటి పుట చెప్పు అంకెలు. కరెంటు పోయి వచ్చినపుడెల్ల మూడింటిని పెన్సిలుతో వ్రాసికొని, మూడును ఒక్కటే యయినచో తల్లితో, “అమ్మాయికి కనబడుచుందువులే” అని చెప్పును.